చిక్కుడు పందిరి కింద కొలువు

దీపావళి వెళ్ళి చలి ముదిరిందంటే నా ఫోను ఆగకుండా మోగుతుంది. "అక్కా, చిక్కుడు తీగ నిండ పురుగులే. ముట్టుకుంటే చేతులు గబ్బు కొడుతున్నయ్. ఏం మందు కొట్టాలె?" సిద్దిపేటలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు, బడులకు పెరటి తోటలు వేయించడం, వాటికి పురుగో తెగులో వస్తే పోయి చూసి దారి చెప్పడం నా వృత్తి. డాబా మీద కుండీల్లో టమాట పెంచే టీచరమ్మ అయినా, దొడ్డి గోడకు చిక్కుడు పాకించిన అవ్వ అయినా అడిగేది ఈ ఒక్క మాటే. నేను తిరిగి అడిగేదీ ఒక్క మాటే: "ఆకు తిప్పి చూసినవా?"

ఇన్నేళ్ళ పనిలో నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి, కంపు నల్లిని కంటితో పట్టాలి. దాని బతుకులో మన చేతికి సులువుగా దొరికే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో చూస్తే ఒక్క ఆకు తెంపడంతో పదుల కొద్దీ పురుగుల పని అయిపోతుంది. అవి దాటాక కొట్టే మందు పురుగుకు తగిలేది తక్కువ, మన కంచంలోకి వచ్చేది ఎక్కువ.

పురుగుల చదువు నాకు పొలం బడిలో అబ్బింది. 2004-05 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద, పురుగుమందులు లేని వ్యవసాయాన్ని మహిళా సంఘాల ద్వారా ఊరూరా నేర్పారు. సిద్దిపేట అప్పట్లో మెదక్ జిల్లాలో ఉండేది. సొంత జిల్లా అయింది 2016 అక్టోబరులో. ఆడవాళ్ళం పొద్దున్నే పొలంలో దిగి, మొక్కను చిగురు నుంచి మొదలు దాకా చూసి, కనిపించిన ప్రతి పురుగునూ చార్టు మీద గీసేవాళ్ళం. పంటను తినేవి ఒక పక్క, వాటిని తినేవి ఇంకో పక్క. ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి 2006లో ఊరు ఊరంతా రసాయనాలు మానేసిందని పేరు తెచ్చుకున్నది. మాకు ధైర్యం కావాల్సి వచ్చినప్పుడల్లా ఆ ఊరి పేరే చెప్పుకునేవాళ్ళం. పొలంలో నేర్చిన ఆ చూపునే తర్వాత నేను పెరళ్ళకు తెచ్చాను. ఎకరాల్లో ప్రతి ఆకూ తిప్పి చూడటం కష్టం. నాలుగు పాదులున్న పెరట్లో అది రోజుకు పావుగంట పని.

మా దిక్కు పెరళ్ళలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది పచ్చ కంపు నల్లి. శాస్త్రంలో దాని పేరు నెజారా విరిడులా. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు. వేలి గోరంత ఉంటుంది, భుజాలు వెడల్పు, కింది భాగం సన్నం, ఒళ్ళంతా ఆకు రంగు. టమాట, బెండ, బబ్బెర్లు, చిక్కుడు, కంది, పత్తి అన్నిటి మీదా బతుకుతుంది. రెండోది చిక్కుడు నల్లి, శాస్త్రంలో మెగాకోప్టా క్రిబ్రేరియా. ఇది చిన్నది, గుండ్రంగా అక్షింతల పురుగంత ఉంటుంది. గోధుమ రంగులో కొంచెం పచ్చ ఛాయ, మీద సన్నని చుక్కలు. పచ్చ నల్లి ఒకటీ రెండుగా తిరుగుతుంది. చిక్కుడు నల్లి మాత్రం లేత తీగ చుట్టూ కాడ కనపడనంతగా గుంపు కడుతుంది. ఫోనులో "తీగ నిండ పురుగులే" అని చెప్పేది చాలాసార్లు దీని గురించే.

రెండింటికీ నోరు ఇంజెక్షను సూదిలా ఉంటుంది. దాన్ని కాయలోకో కాడలోకో దించి, లాలాజలం వదిలి, లోపలి కండను కరిగించి ఆ రసం పీలుస్తాయి. బయటికి చిన్న చుక్క తప్ప గాయం కనిపించదు. అందుకే నష్టం తెలిసేసరికి ఆలస్యమవుతుంది. టమాట పండాక తొక్క కింద తెల్లటి మచ్చలు తేలుతాయి. కోసి చూస్తే ఆ మచ్చ కింద కండ గట్టిగా, రసం లేకుండా ఉంటుంది. బెండకాయ మీద పులిపిర్లు లేచి, కాయ వంకర తిరుగుతుంది. చిక్కుడు, బబ్బెర కాయల్లో గింజ ముడుచుకుపోతుంది. పైకి నిండుగా కనిపించిన కాయ ఒలిస్తే లోపల తాలు. "విత్తనం మంచిది కాదక్కా" అని నిందించేవాళ్ళకు నేను ఆ తాలు కాయనే వెలుతురుకు పట్టి, తొక్క మీది చుక్కలు చూపిస్తాను.

ఆ గబ్బు వాసన దాని ఆత్మరక్షణ. పెద్ద పురుగుకు ఆ గ్రంథులు ఛాతీ కింది వైపు, పిల్లలకు వీపు మీద ఉంటాయి. కొత్తిమీరకు ఆ ఘాటు తెచ్చే పదార్థాల కుటుంబానికి చెందినవే నల్లి వాసనలోనూ ఉంటాయి. అందుకే కొందరికి పచ్చ నల్లి దగ్గర ముదిరిన కొత్తిమీర వాసన వచ్చినట్టు ఉంటుంది. చేతులకు అంటితే సబ్బుతో రెండు మూడు సార్లు కడిగినా వెంటనే పోదు. కంట్లో పడితే మండుతుంది. నేను పనిలో దిగే ముందు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుంటాను, తీగ కింద తలెత్తి చూడాల్సి వస్తే అద్దాలు పెట్టుకుంటాను. పిల్లలను పందిరి కిందికి పిలిచినప్పుడు మొదట చెప్పే జాగ్రత్త కూడా కళ్ళ గురించే.

ఇక చేతికి దొరికే రోజుల సంగతి. పచ్చ నల్లి ఆకు అడుగున గుడ్లను ఒకదాని పక్కన ఒకటి వరుసలు తీర్చి, ఒక్కో ముద్దలో యాభై, అరవై, ఒక్కోసారి వంద దాకా పెడుతుంది. కొత్తగా పెట్టినప్పుడు లేత పసుపు, పొదిగే ముందు గులాబీ ఎరుపు. వెచ్చని రోజుల్లో ఐదారు రోజులకు పిల్లలు బయటికొస్తాయి, చలిలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. వచ్చిన పిల్లలు వెంటనే చెదిరిపోవు. రెండు మూడు రోజులు ఆ గుడ్డు పెంకుల మీదే గుంపుగా కూర్చుంటాయి, మొక్కను కూడా పీల్చవు. ఒకసారి కుబుసం విడిచాకే తిండి మొదలుపెడతాయి. గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్లలు చెదిరేదాకా వారం పది రోజులు. అన్ని రోజులూ ఒక కుటుంబం మొత్తం ఒకే ఆకు మీద ఉంటుంది. ఆ ఆకు తెంపి సర్ఫు నీళ్ళలో వేస్తే పని పూర్తయినట్టే. రెక్కలొచ్చాక అదే కుటుంబాన్ని పట్టాలంటే పది ఇళ్ళ పెరళ్ళు తిరగాలి.

చిక్కుడు నల్లి గుడ్ల దగ్గర నాకు ఎంత చూసినా తనివి తీరని విషయం ఒకటుంది. అది లేత చిగుళ్ళ దగ్గర తెల్లటి గుడ్లను రెండు వరుసలుగా పెడుతుంది. భూతద్దం పట్టి చూస్తే ఆ గుడ్ల కింద గోధుమ రంగు చిన్న బొడిపెలు కనిపిస్తాయి. తల్లి తన పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను ఆ బొడిపెల్లో మూటగట్టి వదిలి వెళ్తుంది. పిల్ల గుడ్డులోంచి రాగానే మొదట ఆ బొడిపెనే పీలుస్తుంది. ఆ సూక్ష్మజీవులు లోపలికి పోకుంటే చిక్కుడు రసం తాగినా పిల్ల సరిగ్గా ఎదగదు. దీన్ని జపాన్ శాస్త్రవేత్తలు వివరంగా పరిశోధించారు. ఒక ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం కోసం వేయించిన చిక్కుడు పందిరి కింద ఇది చూపించినప్పుడు, ఆరో తరగతి పిల్ల ఒకామె "అయితే గుడ్ల కాన్నే దాన్ని పట్టాలె కదా మేడం" అన్నది. నేను చెప్పాలనుకున్న పాఠం ఆమే చెప్పేసింది. ఆ బడిలో అప్పటి నుంచి ప్రార్థన గంటకు ముందు ఇద్దరేసి పిల్లలు వంతుల వారీగా చిగుళ్ళు చూసి, గుడ్లున్న ఆకులు తెంపడం అలవాటు చేసుకున్నారు.

రెక్కలొచ్చిన పురుగులను పట్టడానికి తెల్లవారుజామే మంచిది. రాత్రి చలికి అవి బిగుసుకుపోయి ఉంటాయి, ఎగరలేవు. కదిపితే టపటపా కిందికి రాలడం వాటి నైజం. ఆ నైజమే మనకు ఉపయోగం. వెడల్పాటి టబ్బులో నీళ్ళు పోసి, చారెడు సర్ఫు కలిపి, తీగ కింద పట్టుకొని, కాడను మెల్లగా తట్టాలి. సబ్బు నీళ్ళలో పడ్డది మళ్ళీ లేవదు. ఎండ ఎక్కినాక ఇదే పని చేస్తే సగం పురుగులు ఎగిరి పక్కింటి పందిరి చేరతాయి. నేను ఏ ఇంటికైనా మొదటిసారి పోయేది పొద్దు పొడవకముందే. ఇంటామెను పక్కన నిలబెట్టి, టబ్బు ఆమె చేతికే ఇస్తాను. నేను పట్టి పోతే ఆ రోజు పురుగు పోతుంది. ఆమె నేర్చుకుంటే ఆ పందిరి బతుకుతుంది.

ఏ గుడ్లు చిదమాలో తెలియడంతో పాటు ఏవి వదిలేయాలో తెలియడమూ ఈ పనిలో భాగమే. ఆకు అడుగున ఒక్కోసారి గుడ్ల ముద్ద నల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తుంది. అంటే మన కంటికి ఆనీ ఆనని చిన్న కందిరీగ ఆ గుడ్లలో తన గుడ్లు పెట్టిందని. అందులోంచి నల్లి పిల్లలు రావు, ఇంకా ఎన్నో కందిరీగలు వస్తాయి. ఖాళీ పెంకులు కూడా కథ చెబుతాయి. నల్లి పిల్ల పోయిన గుడ్డుకు మూత గుండ్రంగా, శుభ్రంగా తెరుచుకొని ఉంటుంది. కందిరీగ పోయిన గుడ్డుకు కొరికినట్టు అంచులు చెదిరిన బెజ్జం ఉంటుంది. నల్ల గుడ్లున్న ఆకును ముట్టుకోవద్దని నేను ఎర్ర దారం కట్టి గుర్తు పెట్టిస్తాను.

నల్లుల్లోనే మనకు మేలు చేసేదీ ఉంది. గోధుమ రంగు, రెండు భుజాల మీద ముళ్ళు పొడుచుకొచ్చినట్టు ఉండే ఈ నల్లి లద్దె పురుగును నోటికి గుచ్చుకొని, అది వేలాడుతుండగా రసం తాగుతుంది. దాని ముక్కు లావుగా ఉండి ముందుకు చాపుకోగలదు. మొక్క రసం తాగేవాటి ముక్కు సన్నగా, పొట్ట కింద ఒదిగి ఉంటుంది. అనుమానం వస్తే పురుగును గాజు గ్లాసులో వేసి, అడుగు నుంచి ముక్కు చూడమంటాను. ఒకసారి తేడా పట్టుకున్నవాళ్ళు మళ్ళీ దాన్ని చంపరు.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. పత్తి చేనుకు తెచ్చిన డబ్బాలో మిగిలిన మందు ఇంటి పందిరికి కొట్టడం. ఒక ఊళ్ళో నేను పోయేసరికే ఆ పని జరిగింది. రెండు రోజులు తీగ మీద పురుగు లేదు, ఇంటాయన సంతోషపడ్డాడు. వారం తిరిగేసరికి పక్క కంది చేను నుంచి నల్లులు మళ్ళీ వచ్చి వాలాయి. కందిరీగలు, సాలీళ్ళు మాత్రం రాలేదు. పూల మీద తేనెటీగల జాడ లేదు. ఆ ఇంట్లో మూడు రోజులకోసారి కాయ తెంపి వండుకుంటారు. ఆ కోతలన్నీ ఎరువు గుంతలో వేయమని చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంటామె ముఖం చూడలేకపోయాను. అలాంటి పత్తి మందుల్లో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. 2013 జూలైలో బీహారులోని ఒక బడిలో ఆ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పత్తి మందు డబ్బా ఇంట్లోకి రాకూడదని నేను ప్రతి ఊళ్ళో చెప్పేది అందుకే. చిక్కుడు కాయ పొద్దున తీగ మీద ఉంటుంది, మధ్యాహ్నం పిల్లల కంచంలో ఉంటుంది. మందు విరగడానికి మధ్యలో రోజులే లేవు.

ఒక్కోసారి చేతితో పట్టడం చాలదు, నిజమే. అప్పుడు నా దగ్గర రెండు మార్గాలున్నాయి. ఒకటి వేప గింజల కషాయం. జూన్, జూలైలో రాలిన వేప పండ్లు ఏరి, పిక్కలు కడిగి నీడలో ఆరబెట్టి దాచుకోవాలి. పెంకు తీసిన పప్పు పొడి లీటరు నీటికి 50 గ్రాములు, రాత్రంతా నానబెట్టి, పల్చని గుడ్డలో వడగట్టి, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి చల్లాలి. సాయంత్రమే చల్లాలి, ఎండకు వేప గుణం తొందరగా పోతుంది. ఆకు అడుగు తడవాలి. వేప పెద్ద నల్లిని పడగొట్టదు. పిల్లలకు తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం సరిగ్గా విడవనీయదు. కొట్టిన తెల్లారే పురుగు చావలేదని నిరాశ పడొద్దని ముందే చెప్పి పెడతాను.

రెండోది బవేరియా. పురుగులకు జబ్బు తెచ్చే శిలీంధ్రం, పొడి రూపంలో దొరుకుతుంది. లీటరుకు 5 గ్రాములు కలిపి చలి, మంచు ఉన్న సాయంత్రం చల్లితే బాగా పట్టుకుంటుంది. అది సోకిన నల్లి తీగ మీదే చచ్చి, ఒళ్ళంతా తెల్లటి బూజు కడుతుంది. బూజు తెగులుకు కొట్టే మందులతో దీన్ని కలపకూడదు, అవి దీన్నీ చంపుతాయి.

బవేరియా మీద నాకు నమ్మకం పెరగడానికి ఒక ఫోను కూడా కారణం. సిద్దిపేట నుంచి అమెరికా పోయి, జార్జియా రాష్ట్రంలో అట్లాంటా దగ్గర స్థిరపడిన ఒకామె పెరటి చిక్కుడు ఫొటోలు పంపి, "అక్కా, ఇవి మన ఊరి పురుగులే కదా" అని అడిగింది. నిజంగా అవే. మెగాకోప్టా క్రిబ్రేరియా ఆసియా పురుగు. 2009లో మొదటిసారి జార్జియాలోనే అమెరికా కంటపడింది. అక్కడ కుడ్జు అనే అడవి తీగ మీద, సోయా చేలల్లో విపరీతంగా పెరిగి, చలి రాగానే వేల సంఖ్యలో ఇళ్ళ గోడలకు పట్టింది. తర్వాత దాని గుడ్లను తినే కందిరీగ 2013లో అక్కడ కనిపించింది. బవేరియా జబ్బు కూడా దాని మీద పెద్ద ఎత్తున వ్యాపించి సంఖ్య తగ్గించింది. మన పెరట్లో తరతరాలుగా ఆ కందిరీగల లాంటి కాపలాదారులు ఉన్నాయి కాబట్టే మన చిక్కుడు నల్లి ఒక స్థాయి దాటి పెరగదు. మందు కొట్టి మనం పోగొట్టుకునేది ఆ కాపలానే. ఆమెకు కూడా టబ్బు, సర్ఫు నీళ్ళు, తెల్లవారుజాము, ఈ మూడే చెప్పాను.

నల్లి పెరట్లోకి వచ్చే దారిని కూడా పట్టించుకోవాలి. నవంబరు నుంచి జనవరి దాకా చుట్టుపక్కల పత్తి ముదిరి ఆకు రాలుతుంది, కంది కోతకు వస్తుంది. అప్పుడు రెక్కలున్న నల్లులన్నీ పచ్చదనం వెతుక్కుంటూ ఊళ్ళోకి దిగుతాయి. కొమురవెల్లి మల్లన్న జాతర మొదలయ్యే సంక్రాంతి నాటికి పందిళ్ళన్నీ కాపు మీద ఉంటాయి, నల్లికి అంతకన్నా ఏం కావాలి! అందుకే పందిరికి కొంచెం ఎడంగా, చేను వైపున, ఒక వరుస బబ్బెర్లు ముందుగానే వేయిస్తాను. వచ్చిన నల్లి మొదట వాటి మీద వాలుతుంది. రోజూ ఆ వరుసను చూసి, పట్టి, గుడ్లు తీసేస్తేనే అది ఎర. చూడకుండా వదిలేస్తే అదే నల్లులకు పుట్టిల్లు అవుతుంది. కాపు అయిపోయిన తీగను ఎండిపోయేదాకా పందిరి మీద ఉంచొద్దు. దించి ఎరువు గుంతలో కప్పెట్టాలి. గోడ పక్క కట్టెల కుప్ప, ఎండాకుల పోగు నల్లులు తలదాచుకునే చోట్లు. వాటిని ఎండాకాలం రాకముందే కదిలించి శుభ్రం చేయాలి.

నా పనికి వచ్చేది పెద్ద జీతం కాదు. ఇళ్ళ వాళ్ళు ఇచ్చే కూలి, బడులు, సంఘాలు ఇచ్చే గౌరవ వేతనం. దీన్ని నేను ఒక్కదాన్ని చేస్తే సరిపోదని మాత్రం రోజూ అనిపిస్తుంది. వర్గల్, ములుగు, గజ్వేల్ దిక్కు కూరగాయల సాగు మా జిల్లాకు పెట్టింది పేరు. ఒంటిమామిడి మార్కెట్ నుంచి హైదరాబాదుకు కూరగాయలు పోతాయి. ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా మా ములుగులోనే ఉంది. ఇంత చదువు, ఇంత సాగు ఉన్న చోట, ఊరికొక ఆడమనిషికి పురుగుల చూపు నేర్పి, ఆమెకు నెలకింత అని వేతనం కట్టివ్వడం కష్టమేమీ కాదు. మహిళా సంఘాలున్నాయి, పొలం బడి నేర్పిన పెద్దక్కలు ఇంకా ఉన్నారు. వాళ్ళ అనుభవం వాళ్ళతోనే పోనివ్వకూడదు.

అది జరిగేదాకా ప్రతి ఇంట్లో ఒకరు ఆ పని ఎత్తుకోవాలి. మృగశిరలో చిక్కుడు గింజ నాటిన రోజే, ఎవరు ఏ రోజు ఆకు తిప్పి చూడాలో ఇంట్లో మాట అనుకోండి. వారానికి రెండుసార్లు చూస్తే చాలు. గుడ్ల మీద ఉండగా కంటపడిన నల్లికి మందు ఖర్చు ఉండదు, తినే కాయ మీద భయం ఉండదు.